మడి దండెం

నాంపల్లి,
జూన్ 23

అక్కయ్యకు ప్రహ్లాద్ నమస్కారాలు.

కాలి కట్టు ఎప్పుడు విప్పుతారు? నీకు ఫోన్‌లో మాట వినపడదు, వినపడటం లేదని ఒప్పుకోవు కూడా. "ఆఁ ఆఁ" అని, అడిగినదానికి సంబంధం లేని సంగతేదో చెప్తావు. అందుకే ఉత్తరం. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా నడిచి నేనే డబ్బాలో వేసి వస్తాను.

ముందు మంచి కబురు. వైశాలికి మూడో నెల నిండింది. రెండుసార్లు కడుపు పోయిన పిల్ల కదా, నా కోడలు ఎవరికీ చెప్పొద్దంది, నీకు మాత్రం రాయమంది. మహీధర్‌ను కంపెనీ వాళ్లు పుణె పంపారు, చలికాలం దాకా రాడట. ఆ పిల్లకు పుట్టింట్లో తల్లి లేదు, ఇక్కడ అత్త లేదు. లక్ష్మీనర్సమ్మ పోయి రెండేళ్లయినా వంటింట్లో చప్పుడైతే నాకింకా తనే అనిపిస్తుంది. ఇక ఈ పిల్లను కాచుకోవలసింది నేనే.

రెండో సంగతి చెప్తాను, నవ్వకూడదు. రెండు వారాల కిందట ఆదివారం నాడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద రసశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది, తెలుగు తాత్పర్యంతో. అక్కడే నిలబడి చదువుతుంటే మన బాపు గొంతు వినపడినట్టయింది. ముప్పై ఏళ్లు బళ్లో ప్రాచీన భారత నాగరికత గురించి పాఠాలు చెప్పాను. సుద్దముక్క తప్ప ఆ నాగరికతలో ఏదీ నా చేత్తో ముట్టుకోలేదు. బాపు మాత్రం పాదరసాన్ని గట్టిపరిచి లింగం చేశాడు! మన పాత ఇంటి పూజగదిలో ఉండేది, గుర్తుందా? కడుపుతో ఉన్నవాళ్లు వచ్చి దండం పెట్టుకుని పోయేవాళ్లు. పెద్దనాన్న వాటాలోకి పోయినప్పుడు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడు వైశాలి బిడ్డ కోసం అలాంటిది నేనే చేస్తాను.

బేగం బజారులో మూలికలు అమ్మే ఒక కొట్లో పాదరసం తెచ్చాను. ఈ ఇంటి పూజగదిలో మొదలుపెట్టాను. కిటికీ మూసి సందుల్లో గుడ్డలు కుక్కాను. పరుల కన్ను పడకూడదని బాపు చాదర్‌ఘాట్ అవతల మూసీ ఒడ్డుకు వెళ్లి చేసేవాడు కదా. ఇప్పుడు అంత ఏకాంతం నాకు ఎక్కడ దొరుకుతుంది, చెప్పు. ఒక్కో సంస్కారం, అంటే ఒక్కో విడత శుద్ధి, అయ్యాక రసాన్ని నాలుగు మడతల మెత్తటి నూలుబట్టలో పోసి పిండాలి. ఆ బట్టను నేనే ఉతికి, ఎవరి కన్నూ పడకుండా పైన పంచె కప్పి, బాల్కనీలో మడి దండెం మీద ఆరేస్తున్నాను. వైశాలిని కూడా దాని మీద చెయ్యి వేయనివ్వను. మడి అంటే మడే.

నీ తమ్ముడు
ప్రహ్లాద్

—

హనుమకొండ,
జూలై 2

చిరంజీవి ప్రహ్లాద్‌కు అక్క ఆశీస్సులు.

నీ పాసుగాల! జీవితమంతా కాలేజీలో సంస్కృతం చెప్పిన అక్క ఇక్కడ కాలు చాపుకుని ఖాళీగా కూర్చుని ఉంటే, నన్నో మాట అడక్కుండా రసశాస్త్రం మొదలుపెట్టావా? వైశాలి కబురు చదివి మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి. బరువులు ఎత్తనివ్వకు. దానిమ్మపళ్లు తెచ్చిపెట్టు.

పాదరసం సంగతి. నీ పుస్తకంలో రసదోషాల ప్రకరణం ఉంటుంది, అక్కడ ఆగి చదివావా? సీసం కలిసిన దోషం, తగరం కలిసిన దోషం, మలం, అగ్ని, చాంచల్యం, విషం... ఇలా ఎనిమిది దోషాలు చెప్తారు. మన పెద్దవాళ్లు గొప్పవాళ్లని నేనెందుకంటానో తెలుసా? వాళ్లు దాన్ని శివుడంతటిదని మొక్కారు, మొక్కుతూనే విషమని కూడా రాసిపెట్టారు. ఆ మాట ఇప్పటి డాక్టర్లు కొత్తగా కనిపెట్టింది కాదు. నువ్వు మహిమ దగ్గరికి పరుగెత్తే రకానివి, చిన్నప్పటి నుంచీ అంతే.

పూజగది అన్నావు. వైశాలి పడుకునే గది దాని పక్కదే కదూ? మధ్య గోడకు పైన వెంటిలేటరు కూడా ఉండాలి. కిటికీ మూయడమేమిటి, వెంటనే తెరువు. ఇంకా మంచిది, ఆ పని మేడ మీదికి మార్చు.

బాపు మూసీ ఒడ్డుకు ఎందుకు వెళ్లేవాడన్నది వేరే కథ. అది కాగితం మీద పెట్టేది కాదు. నా కాలు బాగయ్యాక వచ్చి నీ ఎదురుగా కూర్చుని చెప్తాను.

అనసూయ

—

నాంపల్లి,
జూలై 20

అక్కయ్యకు నమస్కారాలు.

రసాన్ని ఉడికించే స్వేదనం అయింది, నూరే మర్దనం అయింది. అక్కా, కల్వంలో ఆ రసం చేతికింద పాకుతుంటే ఒళ్లు పులకరిస్తుంది! వేల ఏళ్ల కిందటి వాడెవడో ఇలాగే కూర్చుని ఇలాగే నూరి ఉంటాడు. బళ్లో ఇది చూపించి ఉంటే పిల్లలు నా పాఠంలో కునికిపాట్లు పడేవాళ్లా?

దోషాలున్నాయని నాకు చెప్తావేమిటి? దోషం పోగొట్టడానికే కదా సంస్కారాలు! మేడ మీద చేస్తే ఎదురింటి వామన్‌రావు కళ్లన్నీ మా మేడ మీదే ఉంటాయి. కిటికీ తెరవను.

ఒక విశేషం. ఈమధ్య నోట్లో రాగి చెంబు నాకినట్టు రుచి. నోరు ఊరికే ఊరుతోంది. పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తం. నిద్ర పట్టదు గాని అలసట కూడా లేదు. బాపు దగ్గరికి ఒక బైరాగి వచ్చేవాడు, గుర్తుందా? "రసం మనిషిని పట్టుకుంటే ఒంటికి ఎరుకైతది" అనేవాడు. నన్ను పట్టుకుందక్కా. బాపును కూడా ఇంత త్వరగా పట్టుకుందో లేదో!

వైశాలి మాత్రం సణుగుతోంది. "మామయ్యా, గా రూమ్‌కెల్లి ఏదో వేడి గాలి వస్తుంది, నాకు తల తిప్పుతుంది, జర తలుపన్న తెరవుండ్రి" అంటుంది. కడుపుతో ఉన్నవాళ్లకు తల తిరగడం మామూలే కదా. శ్రావణంలో పాతనం మొదలుపెడతాను. అది అయితే సగం పని అయినట్టే.

ప్రహ్లాద్

—

హనుమకొండ,
జూలై 30

ప్రహ్లాద్,

ఆశీస్సులు తరువాత. పాతనం అంటే రసాన్ని నిప్పుల మీద కాచి ఆవిరి పట్టడం. మూసిన గదిలో, గర్భిణి పడుకునే గోడ పక్కన, ఆ పని చేస్తావా? నీకు మతి ఉందా?

నీ చిగుళ్లలో రక్తం వచ్చింది రసం పట్టుకున్నందుకు కాదురా. అది నిన్ను తింటోంది. చదువుకున్నవాడివి, ఎవడో బైరాగి మాట పట్టుకుని వేలాడతావా? దవాఖానకు వెళ్లి రక్తం చూపించుకో. వైశాలిని నా దగ్గరికి పంపు. పంపనంటే నా ఒట్టే.

కాలు కట్టు ఇంకా విప్పలేదు, లేకపోతే ఈపాటికి మీ గుమ్మంలో ఉండేదాన్ని. పక్కింటి వాళ్లతో నీకు ఫోన్ చేయించాను. ఎవరూ ఎత్తలేదట. వైశాలి చేత రెండు ముక్కలు రాయించు, నాకు నీ మాట మీద నమ్మకం లేదు.

అనసూయ

—

నాంపల్లి,
ఆగస్టు 18

అనసూయకు,

చెయ్యి వణుకుతోంది, పెన్ను నిలవదు. నేను చెప్తుంటే వైశాలి రాస్తోంది.

ఫోన్ నేనే బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎవరెవరో పనిగట్టుకుని చేస్తున్నారు. వామన్‌రావు పొద్దున్నుంచీ కిటికీలో నిలబడి మా ఇంటినే చూస్తున్నాడు. నువ్వూ వాళ్లలోనే కలిశావు. చిన్నప్పటి నుంచీ నీకదే గర్వం. బాపు తన వెంట నిన్ను తీసుకుపోయేవాడు, నన్నెప్పుడూ తీసుకుపోలేదు. ఆ విద్య నా చేతికి రావడం నీకు గిట్టదు.

పాతనం రెండుసార్లు అయింది. ఇంకో మాట విను, విని కుళ్లుకో. రసం బంగారాన్ని అందుకుంది! వైశాలి ఆ గది గుమ్మం దగ్గర వంగి ముగ్గు వేసిందట, తరువాత చూసుకుంటే పుస్తెలు తెల్లగా అయ్యాయి. రసం బంగారాన్ని మింగుతుందని శాస్త్రంలో ఉంది. ఉందా లేదా? ఇప్పుడు ఆపమంటావా? ఆపను. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

ప్రహ్లాద్

(అనసూయత్తయ్యా, గిది నేను నా అంతట రాస్తున్న. మామయ్యకు చదివి వినిపించేటప్పుడు గీ ముక్క దాటేస్త. పుస్తెలు ఎండి తీరుగ అయినయి. అద్దంల చూసుకున్నంక నా పాణం పాణంల లేదు. ఆయనకు పుణెకు ఫోన్ చేద్దామంటె నా ఫోన్ గూడ మామయ్య గుంజుకున్నడు. మామయ్య మంచోడు అత్తయ్యా, నన్ను కన్నబిడ్డ తీరుగ చూస్తడు. గాని ఇప్పుడు గాయన కండ్లు చూస్తె భయమైతుంది. నిన్న పప్పుల ఉప్పు తక్కువైందని గిన్నె ఇసిరేసిండు, మల్ల గోడకు కూసోని చిన్న పోరని లెక్క ఏడ్చిండు. కడుపుల బిడ్డ కదులుతుంది. గీసారి గూడ పోతె నేను తట్టుకోలేను. ఏం చేయాల్నో జర చెప్పుండ్రి.)

—

హనుమకొండ,
ఆగస్టు 24

ప్రహ్లాద్,

వైశాలీ, ఈ ఉత్తరం మీ మామయ్యకు గట్టిగా చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా దాటేయొద్దు.

బాపు మూసీ ఒడ్డుకు దాక్కోవడానికి వెళ్లలేదురా. గాలి కోసం వెళ్లాడు. నేను సద్ది పట్టుకుని వెంట పోయేదాన్ని. ముందు చెయ్యెత్తి గాలి ఎటు నుంచి వస్తోందో చూసేవాడు. నన్ను దూరంగా, గాలి నా మీంచి ఆయన వైపు వీచేటట్టు నిలబెట్టేవాడు. "గాడనే ఉండు బిడ్డా, గిటు అడుగెయ్యకు" అని కేకలు వేసేవాడు. అక్కడ చేపలు పట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, పదిమంది చూస్తూనే ఉండేవాళ్లు. నువ్వు అనుకునే ఏకాంతం అక్కడ ఎప్పుడూ లేదు. నిన్ను తీసుకుపోనిది విద్య దాచడానికి కాదు, నువ్వు పసివాడివని.

అంతకు ముందు బాపు కూడా ఇంట్లోనే చేసేవాడు. నీలాగే పూజగదిలో, తలుపు వేసుకుని. అప్పుడు అమ్మకు ఏడో నెల. మగపిల్లాడు పుట్టాడు, ఏడవలేదు. నాకూ నీకూ నడుమ పుట్టినవాడు. బాపు గడపలో కూర్చుని తల బాదుకున్నాడు, నేను చూశాను. మరునాడు ఆ గది తలుపులు చట్రంతో సహా ఊడబీకించాడు. మన పాత ఇంటి పూజగదికి తలుపులు ఎందుకు ఉండేవి కావో నువ్వెప్పుడైనా అడిగావా?

అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. "పోరనికి చెప్పకు, బాపంటే వానికి పాణం" అంది. నువ్వు పుట్టాక ఈ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు అమ్మ లేదు, బాపు లేడు, ఆ పిల్ల ఉంది. అందుకే ఒట్టు తప్పాను.

మా పక్కింటి రవిచంద్ర ఎల్లుండి కారు తీసుకుని ఈ ఉత్తరంతోనే వస్తాడు. వైశాలీ, ఇది చదవడం అవగానే కట్టుబట్టలతో కారెక్కు. ఆ ఇంట్లోంచి ఒక్క వస్తువు తేవద్దు. ఆ పుస్తెలు తీసి, పసుపుకొమ్ము కట్టుకుని రా, ఏమీ కాదు. మహీధర్‌కు రవిచంద్ర ఫోన్ చేస్తాడు.

తమ్ముడూ, నిన్ను నేను ఎత్తుకుని పెంచాను. నా మీద కోపం ఉంటే ఉండనీ. కిటికీ తెరువు.

అక్క

—

దవాఖాన,
సెప్టెంబరు 21

అక్కయ్యకు,

అక్షరాలు వంకరగా ఉంటే మన్నించు. ఇవాళే పెన్ను పట్టుకోనిచ్చారు.

వైశాలి చదువుతుంటే మొదట అరిచాను. "మగపిల్లాడు పుట్టాడు, ఏడవలేదు" అన్నచోట ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసుకుంది. అది చూసి అరవడం ఆపాను. కారు వెళ్లిపోయాక లేచి కిటికీ సందుల్లోని గుడ్డలు నేనే లాగేశాను. ఆ తరువాత మహీధర్ వచ్చి ఇక్కడ చేర్పించాడు. రక్తంలో పాదరసం బాగా ఉందట. మందులు ఎక్కిస్తున్నారు. వణుకు కొంచెం తగ్గింది, మరుపు తగ్గలేదు. మధ్యాహ్నం తిన్నదేమిటో సాయంత్రానికి గుర్తుండదు.

ఆ గదిలో ఉన్నవన్నీ, కల్వం, మూకుళ్లు, పుస్తకం, చాపతో సహా మూటకట్టి పంపేశారు. నేల గీకించి సున్నం వేయించారు. డాక్టరు నన్ను కూర్చోబెట్టి గదిలో ఏమేమి ఉన్నాయని పేరుపేరునా అడిగాడు, అన్నీ చెప్పాను.

నాకో అన్న ఉండేవాడని అరవై దాటాక తెలిసింది. వాడికి పేరు పెట్టారా అక్కా? బాపు మీద నాకు గౌరవం పోలేదు. తను చేసిందేమిటో తెలిసిన మరునాడే తలుపులు పీకించాడు. నేను మాత్రం ఉన్న కిటికీ మూశాను.

వైశాలి రక్తం సంగతి రాయి. బిడ్డ పుట్టాక చెయ్యి కుదుటపడేదాకా నేను ఎత్తుకోను. దూరం నుంచి చూసి పోతాను, అంతే.

నీ తమ్ముడు
ప్రహ్లాద్

—

హనుమకొండ,
డిసెంబరు 16

చిరంజీవి ప్రహ్లాద్‌కు అక్క కోటి ఆశీస్సులు.

మహీధర్ నీకు ఫోన్‌లో చెప్పాడట గాని నా చేత్తో రాస్తేనే నాకు తృప్తి. ఆడపిల్ల! కొంచెం ముందుగా వచ్చింది, తూకం తక్కువ, అయినా డాక్టరమ్మ అంతా చూసి బాగుందంది. మొదటి ఏడుపు కారిడారులో ఉన్న నాకు కూడా వినపడింది, నా చెవులకు! వైశాలి నా చెయ్యి పట్టుకుని "ఏడ్చింది అత్తయ్యా, ఏడ్చింది" అని తనూ ఏడ్చింది. ప్రణవి అని పిలుస్తున్నాం. ముక్కు అచ్చం నీదే, పాపం.

నీ పార్సెల్ స్పీడుపోస్టులో మొన్న అందింది. ఉత్తరం వెనక మామూలు టపాలో వస్తోందని అట్ట మీద రాశావు, అది ఇంకా రాలేదు. విప్పగానే లక్ష్మీనర్సమ్మ ఆకుపచ్చ నారాయణపేట చీర! ఆ ఇంట్లోంచి ఏదీ తేవద్దని అన్నదాన్ని నేనే, ఒక క్షణం వెనకాడాను. ఇది ఆ గది వస్తువు కాదు కదా, నర్సమ్మ పెట్టెలోది అయి ఉంటుందని సర్దుకున్నాను. వైశాలి దాన్ని ముఖానికి అదుముకుని చాలాసేపు వదల్లేదు. "అత్తమ్మ ఉంటె గిండ్లనే చుట్టేది గదా" అంది. పొత్తిగుడ్డకు నాయనమ్మ పాత చీరను మించింది ఏముంది? ఎంత మెత్తగా ఉందిరా!

ఇక్కడ చలి ఎక్కువ. గది కిటికీలన్నీ మూసి, పాపకు నీళ్లు పోశాక చీరను సాంబ్రాణి వేసిన నిప్పుల కుంపటి మీద బాగా కాచి, వెచ్చగా ఉండగానే చుడుతున్నాం. తల్లీబిడ్డా రోజంతా అందులోనే. మడతల్లో అక్కడక్కడా సన్నటి మెరుపులు ఉన్నాయి, జరీ పోగులేమో అనుకున్నాను. "అత్తమ్మ జరీ చీరలు కట్టకపోయేది గదా" అంది వైశాలి. పెళ్లినాటిది అయి ఉంటుందిలే అన్నాను.

నిన్నటి నుంచి పాపకు కొద్దిగా దగ్గు, పాలు సరిగా తాగడం లేదు. చలికే అయి ఉంటుంది. రేపు డాక్టరమ్మకు చూపిస్తాం. అందుకే ఇంకో కుంపటి పెట్టించాను. నువ్వు బెంగ పెట్టుకోకు. ఒళ్లు కుదుటపడగానే వచ్చి పాపను ఎత్తుకో.

అక్క

—

నాంపల్లి,
డిసెంబరు 11

అక్కయ్యకు నమస్కారాలు.

నిన్న మహీధర్ ఫోన్ చేసి ఆడపిల్ల అన్నాడు. నా సంతోషం పట్టడానికి ఇల్లు చాలలేదు. వీధిలోకి వెళ్లి వామన్‌రావుకు చెప్పాను, పాపం ఆయన్ని ఎన్ని మాటలన్నానో, అవేవీ పట్టించుకోకుండా నన్ను కౌగిలించుకున్నాడు. అబిడ్స్ పోస్టాఫీసుకు ఆటోలో వచ్చాను, ఇంకా అంత దూరం నడవలేను. పార్సెల్ స్పీడుపోస్టులో వేశాను, త్వరగా అందాలని. అందులో ఉత్తరం పెట్టడం మరిచి అతికించేశాను, వెనక వస్తోందని అట్ట మీద రాశాను, నా మరుపు సంగతి నీకు తెలుసు కదా. ఇది ఇక్కడే కూర్చుని రాసి విడిగా మామూలు టపాలో వేస్తున్నాను, నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు.

లక్ష్మీనర్సమ్మ చీరలన్నీ పోయిన ఏడే పంచిపెట్టేశాం. ఇది ఒక్కటే నా దగ్గర ఉంచుకున్నాను. ఇంట్లో ఇంతకంటే మెత్తటి నూలు లేదని రసం పిండటానికి దీన్నే నాలుగు మడతలు వేసి వాడాను. గదిలో సామానంతా తీసుకుపోయినా ఇది బాల్కనీలో మడి దండెం మీద ఉండిపోయింది. డాక్టరు గదిలో ఉన్నవే అడిగాడు, దండెం సంగతి అడగలేదు. ఆ గాలి, ఆ ఆవిరి అంతా గదిలోనిదే కదా, ఇదేమో ఇన్ని నెలలూ ఎండలో, గాలిలో ఉంది.

అయినా కుంకుడుకాయతో మళ్లీ మళ్లీ ఉతికాను. మొదటి నుంచీ ఇది మడిబట్ట, నా చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ పడలేదు. ఈ ఇంట్లో ఇంత శుద్ధమైన బట్ట ఇంకోటి లేదక్కా. నేను ఇప్పుడప్పుడే పాపను ఎత్తుకోలేను, నా బదులు వాళ్ల నాయనమ్మ ఎత్తుకున్నట్టు ఉంటుందని పంపాను.

ఎండలో పట్టి చూస్తే మడతల్లో ఎక్కడన్నా చిన్న చుక్క మెరుస్తుంది. దులిపితే పోతుంది. మీ దగ్గర చలి ఎక్కువ కదా, బాగా కాచి వెచ్చగా చుట్టండి.

నీ తమ్ముడు
ప్రహ్లాద్